సార్ బండి ఎవరూ ఎక్కలేదు

మా ఖోఖో పిల్లల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఎవరో ఒక పాత ఫోటో పెట్టి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. పిల్లలమని పేరుకే, ఇప్పుడు అందరికీ పిల్లలున్నారు. ఫోటో చూడగానే నాకు విషయం అర్థమైంది. మాకు ఆ ఆట నేర్పిన సార్ పోయారు.

అది ఏవో మండల పోటీల్లో కప్పు గెలిచిన రోజు తీసిన ఫోటో. మధ్యలో మేం, పళ్ళన్నీ బయటపెట్టి. మా వెనక ఇద్దరు అమ్మలు, కొంగులు సర్దుకుంటూ. సార్ ఎక్కడున్నారో వెతుక్కోవాలి. ఆ చివర, మా వరుసకు ఇంకో మనిషి పట్టేంత ఎడంగా, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, తప్పు చేసి నిలబడ్డ పిల్లవాడిలా ఉన్నారు. ఏ ఫోటో తీసి చూసినా అంతే. ఫోటో తీసేవాడు "సార్, జర దగ్గరికి జరుగుండ్రి" అంటే "నేను సగం పడ్డా ఫికర్ లేదు, పిల్లలు మంచిగ పడితె చాలు" అనేవారు. కొన్ని ఫోటోల్లో నిజంగానే సగమే పడ్డారు.

నేను కొడంగల్ దగ్గర ఒక బళ్ళో టీచర్ని. సెలవు చెప్పి తాండూరు బస్సెక్కాను. ఏడుపు రాలేదు కానీ ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. నా సంగతి నాకు తెలుసు, దుఃఖం వచ్చినా ముందు కోపమే వస్తుంది. పక్క సీట్లో ఒకాయన ఫోన్‌లో గట్టిగా వీడియోలు చూస్తుంటే ఆ కోపం ఆయన మీద తీర్చుకున్నాను. పాపం, బస్సు దిగేదాకా మళ్ళీ ఫోన్ ముట్టలేదు.

తాండూరులో మా బడి వెనక ఆట స్థలం ఉండేది. గోడ అవతల నాపరాయి పాలిష్ పట్టే మిషన్లు. పొద్దంతా గీ అని ఒకటే మోత. తెల్లటి రాతిపొడి ఎగిరొచ్చి మా జడల మీద పడేది. ఆ మోతలో ఖో అని అరిస్తే పక్కనున్న పిల్లకే వినపడేది కాదు. సార్ అదే మంచిదనేవారు. "మిషిన్ మీదికెళ్ళి ఇనవడాలె. గొంతు లేని పిల్ల ఖోఖో ఏమాడుతది?" అని మమ్మల్ని ఇటు సగం, అటు సగం నిలబెట్టి అరిపించేవారు. ముందు ఖో. తర్వాత, మీరు నవ్వినా సరే, "వద్దు" అని. అవును, ఉత్త వద్దు. ఒక పిల్ల నడుచుకుంటూ ఇంకో పిల్ల మీదికి వస్తుంది, ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టి మిషన్ మోత మించి "వద్దు" అని అరవాలి. పాలిష్ పట్టే కూలీలు గోడ మీద గడ్డాలు ఆనించి చూసి పడీపడీ నవ్వేవాళ్ళు. "ఏం సారూ, ఆట నేర్పుతున్నవా, లొల్లి పెట్టుకునుడు నేర్పుతున్నవా?" అంటే "రెండూ" అనేవారు సార్, మొహంలో నవ్వు లేకుండా.

ఆయన మనిషి భారీ. దౌల్తాబాద్ దిక్కు పెద్ద రైతుల ఇంటివారు. కంది చేలు, బోర్లు, అన్నదమ్ములు అన్నీ ఉండీ వ్యాయామం సారుగా వచ్చి మా మట్టిలో పడ్డారు. తల్లిగారి ఊరు కర్ణాటక సరిహద్దు కావడంతో ఆట ఆపమనడానికి "సాకు సాకు" అని కన్నడంలో అనేవారు. చాలు అని దాని అర్థం. మాకూ అదే అలవాటై, ఇప్పటికీ మా ఇంట్లో అన్నం ఇంకొంచెం పెట్టబోతే నేను సాకు అంటాను, మా ఆయన నవ్వుతాడు.

అంత మనిషీ మాకు ఏది నేర్పాలన్నా తన ఒంటి మీదే చూపించేవారు. వరుసలో గొంతుక్కూర్చోవడం ఎలాగో, స్తంభం పట్టుకుని ఎలా తిరగాలో, ముందుకు ఎలా పడాలో. పొట్ట అడ్డం వచ్చేది. పడ్డప్పుడు దుమ్ము లేచేది. మేం నోటికి చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. వేరే బడి సార్లు పిల్ల నడుం పట్టుకుని వంచేవాళ్ళు, కాలు పట్టుకుని జరిపేవాళ్ళు. మా సార్ దూరం నుంచే "ఇంకింత కిందికి, మోకాలు లోపలికి, కాదు కాదు, నన్ను సూడు" అంటూ తంటాలు పడేవారు. మరీ కుదరకపోతే పదో తరగతి పిల్లల్ని పిలిచి సరిచేయించేవారు.

దెబ్బ తగిలితే ఇంకా తమాషా. ఒకసారి నా మోకాలు చీరుకుపోయి రక్తం పాదం దాకా కారుతోంది. సార్ దూది, పట్టీ పట్టుకుని ఎదురుగా కూర్చుని, "కాలు పట్టుకోనా బిడ్డా?" అని అడిగారు.

నాకు ఒళ్ళు మండింది. "రక్తం కారుతుంటె అడుగుడేంది సార్!"

"అడుగుత. నువ్వు వద్దనొచ్చు గద."

"వద్దంటె?"

"నీ దోస్తుతోని కట్టిపిస్త. నీ కాలు నీది."

మంట పుడుతున్నా నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో నన్ను ఏదైనా అడిగి చేసినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. తల దువ్వేటప్పుడు కూడా మా అమ్మ జుట్టు పట్టి లాక్కునేది.

తిట్టాల్సొస్తే ఆట స్థలం నడిమధ్యకు తీసుకెళ్ళి, అందరూ చూస్తుండగా, కానీ ఎవరికీ వినపడనంత నెమ్మదిగా తిట్టేవారు. ఆట సామాన్ల గదిలోకి పిల్లలతో కలిసి ఆయన అడుగు పెట్టగా ఎవరూ చూడలేదు. తలుపుకు ఒక నాపరాయి అడ్డం పెట్టి, బయట కుర్చీ వేసుకుని కూర్చుని, "ఇద్దరిద్దరు పోయి తీస్కరాండ్రి" అనేవారు. స్టాఫ్ రూములో మిగతా సార్లు ఏడిపించేవాళ్ళు. "పిల్లలేమన్న కరెంటు తీగలా, ముట్టుకుంటె షాకు కొట్టనీకి?" అని. మేం ఆయనకు చేతుల్లేని సార్ అని పేరు పెట్టుకున్నాం. ఆయనకు తెలుసు.  ఎవరు ఏమడిగినా ఆయన చెప్పే జవాబు ఒక్కటే, "అలవాటు."

ఆటలకు వేరే ఊరికి పోవాలంటే ఎవరో ఒకరి ఇంటి నుంచి తోడు రావాల్సిందే. అమ్మో, నాయనో, నానమ్మో. తోడు లేకపోతే జట్టు బస్సెక్కదు. రాతి పాలిష్ కాడ, పప్పు మిల్లు కాడ పనిచేసే అమ్మలు, ఒకరోజు పని పోతే ఇంట్లో పొయ్యి వెలగని అమ్మలు, సార్‌ను ఎన్ని తిట్టుకునేవాళ్ళో. ఒకామె మొదటిసారి వచ్చేటప్పుడు గిన్నెలు, గరిటెలు, ఇంత బియ్యం మూటగట్టుకుని వచ్చింది, వంటకు పిలిచారనుకుని.

"వంటొద్దక్కా, నువ్వు కూసోని సూడు, గంతే పని" అన్నారు సార్.

"ఏం సూడాలె సారూ?"

"పిల్లలను. ఎవలు మాట్లాడుతున్నరు, ఎవలెంబడి ఎటు పోతున్నరు. నన్ను గూడ సూడు."

"నిన్నేం సూడాలె సారూ! సూడనీకి ఏమున్నది నీ తాన!" అని ఆమె అంటే బస్సంతా ఘొల్లుమంది. సార్ కూడా ఆరోజు నవ్వారు, కిటికీ వైపు తిరిగి.

అన్నిటికంటే పెద్ద రూలు బండిది. ఆయనకొక పాత స్కూటర్ ఉండేది. దాని మీద ఏ పిల్లనూ ఎక్కించుకునేవారు కాదు. ఆట ఆలస్యమైతే మా అందరినీ ఇళ్ళకు చేర్చేవారు, ఎలాగంటే స్కూటర్ తోసుకుంటూ మాతోపాటు నడిచి. ఒక్కొక్క సందు దగ్గర ఒక్కొక్క పిల్ల విడిపోతూ, చివరికి నేను మిగిలేదాన్ని. మా ఇల్లు ఊరి చివర, గొర్రెల దొడ్డి పక్కన. అప్పుడు సార్ రోడ్డుకు ఆ పక్కన, నేను ఈ పక్కన, మధ్యలో బండి. అది చాలదన్నట్టు దారిలో కనబడ్డ ప్రతి కొట్టువాడికీ వినపడేలా "గీ పిల్లను ఇంటికి తోలియ్యవోతున్న సేటూ, మన గొర్లోళ్ళ బిడ్డ" అని చెప్పుకుంటూ వచ్చేవారు. నా ఊరేగింపు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, వికారాబాద్‌లో జిల్లా జట్టు ఎంపిక దగ్గరపడుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం కుండపోతగా వాన. చూరు కింద నిలబడదామంటే తగ్గేలా లేదు. సార్ ఎప్పట్లాగే బండి తోసుకుంటూ నాతో నడిచారు. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. మా నాయన దొడ్డి రేకు కింద గొంగడి కప్పుకుని నిలబడి ఉన్నాడు. తడిసి వణుకుతున్న నన్ను చూశాడు, తడిసిన సార్‌ను చూశాడు, మా ఇద్దరి మధ్య ఖాళీగా తడుస్తున్న సీటును చూశాడు.

"బండి ఖరాబైందా పటేలా?" అని అడిగాడు.

"లేదు లేదు, మంచిగనే ఉన్నది" అన్నారు సార్. అని, నేను గడపలోకి వెళ్ళేదాకా ఆగి, ఎక్కి, ఒక్క తన్ను తన్నారు. బండి గుర్రుమని లేచింది. వెళ్ళిపోయారు.

మా నాయన మొహం ఎర్రగా కందిపోయింది. "సూసినవా! ఒక్క కిక్కుకే షురువైంది! మన పిల్ల కూసుంటె సీటు మైలపడ్తది గావొచ్చు పటేలుకు. ఆడనీకి మన పిల్ల కావాలె, కప్పులు కావాలె, బండెక్కనీకి మాత్రం పనికిరాదు!"

మా అమ్మ సర్దిచెప్పబోయింది. ఆయన వినలేదు. అవి ఉత్త మాటలు కావు. మా తాతలు పటేళ్ళ వాకిట్లో చెప్పులు చేత పట్టుకుని నిలబడిన సంగతులు మా నాయన దగ్గర చాలా ఉన్నాయి. ఒకసారి అటువైపు మళ్ళాడంటే మళ్ళీ ఇటు తిరగడు. "రేపటిసంది గ్రౌండుకు పోకు" అన్నాడు. నేను అన్నం తినలేదు. జిల్లా జట్టులో ఆడాలని నాకు ఎంత ఆశ ఉండేదో చెప్పలేను. మా బళ్ళో ఒకే ఒక్కదానికి ఆ అవకాశం ఉందని, అది నేనేనని అందరూ అనేవాళ్ళు. గొర్రెల వెనక తిరిగే ఇంట్లో నేను ఫలానా అని చెప్పుకోవడానికి నాకు ఇంకేముంది? నాకు నా నాయన మీద కోపం వచ్చింది, సార్ మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఆ వానలో ఒక్కసారి ఎక్కించుకుంటే ఏం పోయేది?

నేను గ్రౌండుకు పోవడం మానేశాక సార్ మా దొడ్డి దగ్గరికి వచ్చారు. మా నాయన మంచం వాల్చలేదు. కూర్చోమనలేదు. మా అమ్మ చెంబుతో నీళ్ళిస్తే సార్ గటగటా తాగారు.

"పిల్లను ఎందుకు పంపుతలెవ్వు?" అన్నారు.

"ఎందుకో నీకే తెలువాలె పటేలా. మా పిల్ల నీ బండెక్కొద్దాయె."

సార్ ఖాళీ చెంబు మా అమ్మకు తిరిగిచ్చారు. తర్వాత, "గా రూలు నీ బిడ్డ మీద గాదు, నా మీద. ఎవలనూ ఎక్కించుకోను. మా అన్న బిడ్డ గూడ గదే బళ్ళె సదువుతది. గామె గూడ నడుసుడే" అన్నారు.

"అనుడు ఎంతసేపు!"

"నమ్మకు. నువ్వే వికారాబాద్‌కు రా, ఈసారి తోడు నువ్వు. పొద్దంత నన్నే సూడు."

ఆయన వెళ్ళాక మా అమ్మ "మన చెంబుల నీళ్ళు తాగిండు గద" అంటే, "దూపైతె ఎవడైన తాగుతడు" అన్నాడు మా నాయన. కానీ వస్తానన్నాడు. ఎందుకొచ్చాడంటారు? పటేలు బండెక్కే ఇంకో పిల్ల ఎవరో పట్టుకుందామని. గొర్రెల్ని మా మేనమామకు అప్పజెప్పి, గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, ఎంపిక రోజు పొద్దున మాతో రైలెక్కాడు. జట్టులో ఇంకో పిల్ల వాళ్ళ అమ్మ కూడా వచ్చింది. మా నాయన రైలు పెట్టెలో సార్‌కు ఎదురుగా కూర్చుని, వికారాబాద్ దాకా రెప్ప వాల్చకుండా ఆయన్నే చూశాడు. సార్‌కు చెమటలు పట్టాయి.

ఆరోజు నేను బాగా ఆడాను. ఇది గొప్ప కాదు, నిజం. కాళ్ళు నేలను తాకినట్టే లేదు. చివర్లో ఎంపిక చేసే పెద్దమనిషి నా దగ్గరికి వచ్చాడు. ఆయన్ని అందరూ పెద్ద సార్ అనేవాళ్ళు. తెల్ల బూట్లు, సెంటు వాసన, జేబు నిండా చాక్లెట్లు. వచ్చీ రావడమే నా భుజం మీద చెయ్యి వేసి తీయలేదు. మా నాయన గబగబా వచ్చి దండం పెట్టాడు.

"నీ బిడ్డనా? మస్తు ఆడింది. కాని జర తయారుజెయ్యాలె. నా దగ్గర ఒక వారం ఉంచు. స్పెషల్ కోచింగ్ ఇస్త. రూముంది, తిండుంది, నువ్వు ఫికర్ జెయ్యకు. జట్టుల పేరు పక్కా" అన్నాడు పెద్ద సార్.

"మీ దయ సారూ" అని మా నాయన ఇంకోసారి వంగాడు. 

అప్పుడు మా సార్ వచ్చారు, చేతులు వెనక కట్టుకునే. "పిల్లతోని వాళ్ళమ్మ గూడ ఉంటది సార్" అన్నారు.

"అమ్మలకు ఆడ జాగ లేదు."

"అయితె పిల్ల గూడ రాదు."

పెద్ద సార్ మొహంలో నవ్వు పోలేదు. "ఏందయ్యా, నా మీద అనుమానమా? గిన్నేండ్లసంది పిల్లలను తయారుజేస్తున్న."

"అనుమానం గాదు సార్. నా మీద గూడ గదే రూలు. వానల తడుసుకుంట వోతుంటె గూడ గీ పిల్లను నా బండి మీద ఎక్కించుకోలె. గాయనే వీళ్ళ నాయిన, అడుగుండ్రి. గందుకు నన్ను తిట్టుకున్నడు, పిల్లను ఆట మాన్పిచ్చిండు. తిట్లు వడ్డ గని రూలు ఇడువలె. నాకు లేని సడలింపు మీకెట్ల ఇస్త?"

మా నాయన వంచిన నడుం నెమ్మదిగా నిటారు చేశాడు. మా సార్ వైపు చూశాడు. తర్వాత నా భుజం మీదున్న ఆ చేతి వైపు చూశాడు.  కర్ర చంకలో పెట్టుకుని, నా సంచి అందుకుని, రెండో చేత్తో నన్ను ఇవతలికి లాక్కున్నాడు. "నడువు బిడ్డా, రైలుకు ఆల్శెమైతది" అన్నాడు.

నా కళ్ళ ముందే పెద్ద సార్ ఇంకో బడి పిల్లను పిలిచాడు. సన్నగా, పొడుగ్గా, ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న పిల్ల. నేను ఏడ్చిన ఏడుపు వికారాబాద్ స్టేషనంతా వినపడి ఉంటుంది. సార్ మమ్మల్నందరినీ రైలెక్కించి, తోడొచ్చిన ఆ అమ్మకూ, మా నాయనకూ అప్పజెప్పి, "నాకు జర పనున్నది, మీరు పోండ్రి" అని ప్లాట్‌ఫారం మీదే ఆగిపోయారు. ఎప్పుడూ అలా చేసింది లేదు.

"నీ కోసం కొట్లాడనీకి పోతుండు గావొచ్చు" అంది నా పక్కనున్న దోస్తు. ఆ మాట నాకు కొంచెం తీపిగా అనిపించింది. మా నాయన మాత్రం తలుపు దగ్గర గొంగడి పరుచుకుని కూర్చుని, చాలాసేపటికి "నేనే ఉల్టా సమజ్ జేస్కున్న బిడ్డా. మనిషి మంచోడు" అన్నాడు. నాకప్పుడు మంచోడు అక్కర్లేదు, జట్టు కావాలి.

తర్వాత ఏమైందంటే, జిల్లా వాళ్ళు మా సార్‌ను పిలవడం మానేశారు. ఎంపికలకు పిలవరు, అంపైరింగుకు పిలవరు. మా బడి పేరు చెబితే మొహం తిప్పుకునేవాళ్ళు. నేను ఆ సంవత్సరం జిల్లాకు ఆడలేదు, ఆ తర్వాతా ఆడలేదు. ఇది చెప్పడానికి ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. పెద్ద సార్ కూడా కొన్నాళ్ళకు కనబడకుండా పోయాడు. బదిలీ అన్నారు కొందరు, ఏదో కేసన్నారు కొందరు. తన బడి పిల్లను జట్టులో తీసుకోలేదని మా సార్ వికారాబాద్‌లో పెద్ద లొల్లి చేశాడని, అందుకే ఆయన్ని పక్కన పెట్టారని ఊళ్ళో చెప్పుకున్నారు. నేనూ అదే నమ్మాను. నమ్మడం ఏమిటి, కాలేజీలో, పెళ్ళిలో, బళ్ళో పిల్లలకు, ఎన్నిసార్లు చెప్పుకున్నానో, నా కోసం మా సార్ పెద్దవాళ్ళతో కొట్లాడి తన పేరు పోగొట్టుకున్నారని. సార్ దగ్గర ఎవరైనా ఆ మాట ఎత్తితే అవుననీ కాదనీ అనేవారు కాదు.

మా నాయన మాత్రం మారిపోయాడు. ఎక్కడికి ఆటలున్నా నేనొస్తా తోడని ముందే వచ్చి కూర్చునేవాడు. మాతో ఏ కొత్తవాడు మాట్లాడినా కర్ర నేల మీద టకటకలాడించేవాడు. కొన్నిసార్లు సార్ కూడా తట్టుకోలేక "గాయన అంపైర్, జర ఇడువు" అని బతిమాలాల్సి వచ్చేది.

తాండూరులో దిగి సార్ ఇంటికి వెళ్ళేసరికి వాకిలంతా మనుషులు. దౌల్తాబాద్ నుంచి చుట్టాలు వచ్చారు. మా జట్టు పిల్లలం ఒక మూల చేరాం. ఒకళ్ళనొకళ్ళం చూసుకుని, లావయ్యావంటే లావయ్యావని గుసగుసలాడుకుని, మళ్ళీ ఏడ్చాం. సార్‌ను తీసుకెళ్ళాక, అందరూ కదిలాక, అరుగు మీద ఒకామె మిగిలిపోయింది. నా ఈడు మనిషి. ఇంటివాళ్ళ కంటే ఎక్కువగా ఏడ్చి కళ్ళు వాచాయి. నేను గుర్తుపట్టలేదు. పక్కన కూర్చుని అడిగాను.

"మీరు ఏ బ్యాచ్? సార్ దగ్గర ఎప్పుడు ఆడిండ్రు?"

"నేను సార్ దగ్గర ఎన్నడాడలె" అంది. "మాది పరిగి దిక్కు. వేరే బడి. మీరు తాండూరు జట్టా? మీ జట్టుల ఒక పిల్లను పెద్ద సార్ పిలిస్తె మీ సార్ పంపలే. గామె బదులు నన్ను తీస్కున్నరు."

ఎర్ర రిబ్బన్లు. సార్ పంపని పిల్ల నేనేనని నేను చెప్పలేదు. 

ఆమె నెమ్మదిగా, ఎవరికో చెప్తున్నట్టు కాక తనకు తానే చెప్పుకుంటున్నట్టు చెప్పింది. ఎంపికైన రోజే సాయంత్రం పెద్ద సార్ డ్రెస్సు కొలతలు తీయాలని రూముకు పిలిచాడట. లోపలికి పోయాక తలుపు మూశాడట. ఎందుకు మూశాడో అర్థమై అర్థం కాక ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయిందట. అంతలో ఎవరో తలుపు మీద దబదబా కొట్టారు.

"'బిడ్డా, మీ అమ్మొచ్చింది, జల్ది బయటికి రా' అని ఇనవడ్డది. గాయన గొంతు నేనెప్పుడు ఇనలె. గాయనకు నా పేరు గూడ తెల్వదు. అమ్మ అనంగనె నాకు కాళ్ళల్లకు పాణమొచ్చింది. గడియ తీసుకొని ఉరికిన. బయట మా అమ్మ లేదు. మీ సార్ ఒక్కడే నిలవడ్డడు, చేతులు ఎన్కకు కట్టుకొని."

పెద్ద సార్ బయటికొచ్చి అరిచాడట. సార్ ఒక్క మాటా తిరిగి అనకుండా "నడువు బిడ్డా" అని ముందు నడిచారట. బస్టాండులో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చున్న బెంచీ చూసి అక్కడ కూర్చోబెట్టి, టీ కొట్టు నుంచి ఆమె ఊళ్ళో ఎవరికో ఫోన్ చేయించి తల్లిని పిలిపించారట. తెల్లారి తల్లి పోలీసు స్టేషన్‌కు పోతే ఆయన వెంట పోయి చూసిందంతా చెప్పారట.

"నా పేరు ఎక్కడా బయటవడనియ్యలె. మీ సార్‌ను గందరు గన్ని మాటలంటుంటె గూడ ఏం జరిగిందో ఎవ్వలకు చెప్పలె. చెప్తె నా మాటొస్తది గద. మా అమ్మ ఎన్నోసార్లు అన్నది, చెప్పు సారూ, నీ మీది నింద పోతది అని. గాయన ఇనలె."

ఇన్నేళ్ళూ నా కోసం జరిగిందని నేను ఊరంతా చాటుకున్న కొట్లాట అది.  ఆమె చెయ్యి పట్టుకోబోయి, "పట్టుకోనా?" అని అడిగాను. ఆమె తల ఊపి తనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా అమ్మ వచ్చేదాక బెంచీ ఆ చివరకు కూసున్నడు" అంది. "నేను ఏడుసుకుంట మా అమ్మేది, వచ్చిందంటివి గద అని లొల్లి వెట్టిన. వస్తది బిడ్డా, వస్తది అంటనే ఉన్నడు. చీకటి వడ్డంక మా అమ్మ బస్సు దిగి ఉరికొచ్చింది, పొలంకెళ్ళి అట్లనే, కాళ్ళకు బురదతోని. మీ సార్ లేచి ఆమెకు దండం వెట్టిండు. 'అక్కా, నీ బిడ్డకు అబద్ధం చెప్పిన, నువ్వొచ్చి దాన్ని నిజం జేసినవ్' అన్నడు."

తర్వాత ఇద్దరం చాలాసేపు ఆ అరుగు మీదే కూర్చున్నాం. ఆమె పేరు నేను అడగలేదు.